అవునండీగారి రాజకీయ చదువు

ఆ కర్టెన్ల షోరూములో అందరూ ఆయనను అవునండీగారు అంటారు. చాటుగా కాదు, మొహం మీదే అంటారు. ఎవరైనా అలా పిలిస్తే ఆయన కూడా "అవునండీ" అనే పలుకుతాడు.

పేరు ఊరికే రాలేదు. కర్టెన్లు కొనడానికి ఒంటరిగా వచ్చేవాళ్ళు తక్కువ. మొగుడూ పెళ్ళాలు వస్తారు, అత్తాకోడళ్ళు వస్తారు, కలిసి ఇల్లు కట్టుకుని కూడా ఇంకా మాటలున్న అన్నదమ్ములు వస్తారు. వచ్చి, రెండు బట్ట చుట్టలు విప్పించేలోపు పోట్లాటకు దిగుతారు. ఆవిడకు గది వెలుగ్గా కనిపించే లేత రంగు కావాలి. ఆయనకు మురికి ఓర్చుకునే ముదురు రంగు కావాలి. మామూలు సేల్స్‌మన్ అయితే మధ్యలో దూరి, ఇద్దరికీ నచ్చుతుందని మూడో రంగు చూపించి, ఇద్దరి చేతా చీవాట్లు తింటాడు. అవునండీగారు ఆ తప్పు చేయడు. బట్టను బల్ల మీద బారుగా పరిచి, భార్య వైపు తిరిగి "అవునండీ, గదికి కళ రావాలంటే ఇదే" అంటాడు. చుట్ట మార్చి భర్త వైపు తిరిగి "అవునండీ, రేపు ఉతుకుడు బాధ ఎవరు పడతారు, మీరన్నదే నిజం" అంటాడు. ఇద్దరూ తామే గెలిచామనుకుని, హాలుకు ఒకటి, పడగ్గదికి ఒకటి కొనుక్కుని పోతారు. ఇంటికి వెళ్ళాక ఏమవుతుందో ఆయనకు అనవసరం.

"ఆయన్ని చూసి నేర్చుకోండి" అని యజమాని కొత్తగా చేరినవాళ్ళకు చెబుతుంటాడు. కానీ అది నేర్చుకుంటే వచ్చేది కాదు. తెచ్చిపెట్టుకున్న అవునును కొనేవాళ్ళు ఇట్టే పసిగడతారు. అవునండీగారు మాత్రం ఎదుటి మనిషి మాట్లాడుతున్నంతసేపూ మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాడు. ఆ మనిషి మెట్లు దిగగానే, దేనికి ఒప్పుకున్నాడో అంతే మనస్ఫూర్తిగా మరిచిపోతాడు.

షోరూములో విద్య అనిపించుకున్నది ఇంట్లో జబ్బు అనిపించుకుంది. ఎన్నికలప్పుడు వీధిలోకి ఒకరి తర్వాత ఒకరుగా పార్టీలవాళ్ళు వచ్చారు. ఓటు మీకేనని ఆయన అందరికీ మాటిచ్చాడు. చివరి గుంపు ఇంకా గేటు దగ్గర కరపత్రాలు సర్దుకుంటూ ఉండగా, ముందు వచ్చిన గుంపులోని పెద్దమనిషి మరిచిపోయిన కళ్ళజోడు కోసం వెనక్కి వచ్చాడు. "ఇక్కడ మీకేం పని, ఈయన మా మనిషి" అన్నాడు వీళ్ళను చూసి. "మీ మనిషేమిటి, ఇప్పుడేగా మాకు మాటిచ్చారు" అన్నారు వీళ్ళు. రెండు పక్షాలూ తీర్పు కోసం ఆయన వైపు చూశాయి. "అవునండీ" అన్నాడు ఆయన, ఇద్దరికీ మధ్యనున్న గేటు గడియను చూస్తూ.

ఇదంతా కిటికీలోంచి కూతురు చూసింది. ఆ పిల్ల విశ్వవిద్యాలయంలో రాజకీయ శాస్త్రం చదువుతోంది. విద్యార్థి సంఘంలో ముందు వరసలో ఉంటుంది. టీలో పంచదార ఎంత ఉండాలన్న దాని మీద కూడా దానికి సిద్ధాంతం ఉంది.

"నాన్నా, నీకంటూ ఒక్క అభిప్రాయమైనా ఉందా?" అంది, ఆయన లోపలికి రాగానే.

"ఎందుకుండదమ్మా?"

"ఏదీ, ఒకటి చెప్పు."

ఆయన సాయం కోసం భార్య వైపు చూశాడు.

"నన్ను చూడకండి. ఈ ఇంట్లో ఉన్న అభిప్రాయాలన్నీ ఇన్నాళ్ళూ నేనొక్కదాన్నే మోశాను" అంది ఆవిడ.

కూతురు అక్కడితో ఆపి ఉంటే ఆయన నవ్వి ఊరుకునేవాడు. కానీ అది గొంతు తగ్గించి ఇంకో మాట అంది. "చిన్నప్పుడు నేనూ అమ్మా కొట్లాడుకుంటే నువ్వు ఇద్దరికీ అవుననేవాడివి. నువ్వు ఎవరివైపో నాకు ఎప్పుడూ తెలీలేదు నాన్నా. నావైపు ఉన్నావో లేదో కూడా తెలీదు."

ఆ మాట ఆయనకు గట్టిగా గుచ్చుకుంది. కూతురి వైపు ఉన్నానని ఆయన అనుకుంటూనే ఉన్నాడు. భార్య వైపూ ఉన్నానని అనుకున్నాడు. ఇద్దరి వైపూ ఉన్నవాడు ఎవరికీ లేనట్టే లెక్క అని ఎవరైనా ముందే చెప్పి ఉంటే, దానికీ ఒప్పుకుని ఉండేవాడు. కూతురి ఎదట ఒక్కసారైనా తనదంటూ ఒక మాట మీద నిలబడి చూపించాలని ఆయనకు పట్టుదల పుట్టింది. అభిప్రాయాలు ఎక్కడ దొరుకుతాయో కనుక్కుంటే, విశ్వవిద్యాలయంలో దొరుకుతాయన్నారు.

అక్కడ సాయంత్రం పూట బయటివాళ్ళను కూడా చేర్చుకునే తరగతి ఒకటి ఉంది. ఈనాటి రాజకీయాలు ఏ ఆలోచనల మీద నడుస్తున్నాయో చెబుతారు. ఆయన చేరాడు. చేరాక తెలిసిందేమిటంటే కూతురూ అదే తరగతిలో ఉంది. అది తల పట్టుకుని కూలబడి, చివరికి ఒక షరతు పెట్టింది. "క్లాసులో నేనెవరో నీకు తెలీదు. నన్ను బంగారం అని పిలిస్తే సంఘంలో తల ఎత్తుకోలేను."

"అలాగేనమ్మా" అన్నాడు ఆయన. మొదటిరోజు గుమ్మంలో ఎదురుపడితే పక్కకు జరిగి, "ముందు మీరు రండి మేడమ్" అన్నాడు. కూతురికి ఆ షరతు ఎందుకు పెట్టానా అనిపించింది.

పాఠం చెప్పేది ఒక కుర్ర మేడమ్. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు, ఏటేటా కాంట్రాక్టు పొడిగిస్తే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. చొక్కా చేతులకు ఎప్పుడూ సుద్దపొడి అంటుకుని ఉండేది. ఎవరు ఎంత గొప్ప మాట చెప్పినా ఆవిడ తల పక్కకు వంచి "అయితే?" అనేది. ఆ ఒక్క మాటతో చెప్పినవాడి కాళ్ళకింద నేల కదిలిపోయేది. అందుకే అందరూ ఆవిడను అయితే మేడమ్ అనేవాళ్ళు.

ఆవిడ పద్ధతి వేరు. రాగానే కుర్చీలు వెనక్కి నెట్టించి, బోర్డు మీద ఒక వాక్యం రాసేది. "మన మంచి కోసమైతే ప్రభుత్వం మనల్ని బలవంతం చేయవచ్చు." ఒప్పుకునేవాళ్ళు కిటికీల గోడ దగ్గర నిలబడాలి. ఒప్పుకోనివాళ్ళు తలుపు గోడ దగ్గర నిలబడాలి. మధ్యలో నిలబడటానికి వీల్లేదు. నిలబడ్డాక ఎందుకు నిలబడ్డారో చెప్పాలి. ఆ తర్వాతే పుస్తకాలు తెరిచేది. ఏ ఆలోచన ఎక్కడ పుట్టింది, ఎవరి నోటి నుంచి ఎవరి నోటికి పాకింది, ఇవాళ ఏ పార్టీ దాన్ని తనదని చెప్పుకుని తిరుగుతోంది, అన్నీ విప్పి చెప్పేది.

గోడమీద పిల్లి అన్న మాట విన్నాం గానీ, రెండు గోడల మధ్య పిల్లిని ఆ తరగతే చూసింది. అవునండీగారు కిటికీల వైపు నాలుగడుగులు వేసేవాడు. తలుపు వైపున్న వాళ్ళలో ఎవరైనా చెయ్యి ఊపితే, బాగుండదని అటు వెళ్ళేవాడు. అక్కడ కూతురు కళ్ళెర్రజేస్తే మళ్ళీ ఇటు వచ్చేవాడు. చివరికి ఫ్యాను స్విచ్చుల దగ్గర ఏదో బాగుచేస్తున్నట్టు నిలబడేవాడు.

చదువు మాత్రం శ్రద్ధగా చదివాడు. బస్సులో చదివాడు, మధ్యాహ్నం భోజనం అయ్యాక బట్ట చుట్టల మీద నడుం వాల్చి చదివాడు. వ్యక్తి స్వేచ్ఛే అన్నిటికీ మూలం అన్న పాఠం చదివి, ఎంత బాగా చెప్పాడనుకున్నాడు. పెద్దలు కట్టినదాన్ని తొందరపడి కూల్చకూడదన్న పాఠం చదివి, నిజమే కదా అనుకున్నాడు. సంపద అందరిదీ అన్న పాఠం చదివి కళ్ళు తుడుచుకున్నాడు. మన జాతి, మన గడ్డ అన్న పాఠం చదివి లేచి నిలబడినంత పనిచేశాడు. "ప్రభుత్వం ఎంతవరకు జోక్యం చేసుకోవాలి?" అని వ్యాసం రాయమంటే, "ఎవరికి ఎంత కావాలో అంతవరకు" అని ముగించాడు. మేడమ్ ఎర్ర సిరాతో పక్కన రాసింది: "ఇది జవాబు కాదు, మర్యాద."

ఒకరోజు ఈ కాలపు నాయకుల గురించి పాఠం. ఏ వీధికి వెళితే ఆ వీధి మాట మాట్లాడేవాడు, రైతు దగ్గర ధరలు పెరగాలనేవాడు, కొనేవాడి దగ్గర తగ్గాలనేవాడు, ప్రతివాడూ ఇతను నా మనిషే అనుకునేలా చేసేవాడు, అలాంటివాడు గెలుస్తాడు, గెలిచాక ఏం చేస్తాడో వాడికే తెలియదు అని మేడమ్ చెబుతుంటే, తరగతి తరగతంతా మెల్లిగా ఆయన వైపు తిరిగింది. అవునండీగారు మురిసిపోయాడు. పుస్తకంలోని మనిషితో తనకు పోలిక కుదరడం అదే మొదటిసారి.

ఆ పాఠం ఎవరికీ తలకెక్కలేదనడానికి ఆ తర్వాత జరిగిన ఎన్నికే సాక్ష్యం. తరగతికి ఒక ప్రతినిధి కావాలన్నారు. అక్కడున్న కూతురి సంఘం వాళ్ళు ఆయన పేరు చెప్పారు, మనిషి మనవైపేనని. అదే తరగతిలో చేరిన మందుల షాపాయన వర్గమూ ఆయన పేరే చెప్పింది. ఈ మందుల షాపాయన వ్యాపారుల సంఘానికి కార్యదర్శి. దేశానికి క్రమశిక్షణ ఒక్కటే మందు అంటాడు, ఆ మందు పూటకెన్నిసార్లో కూడా చెబుతాడు. ఆయనకూ కూతురికీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. అలాంటి ఇద్దరూ ఒకే మనిషికి చేతులెత్తారు. అవునండీగారు ఏకగ్రీవంగా ఎన్నికయ్యాడు. రాజకీయాలు చదువుకోవడానికి వచ్చిన గదిలో ఇలాంటి ఎన్నిక జరిగిందంటే, ఇక బయట జనాన్ని ఏమని ఏం లాభం?

అసలు గొడవ దాని తర్వాత మొదలైంది. ఆరోజు బోర్డు మీది వాక్యం, "ఊరేగింపు తీయాలంటే పోలీసుల అనుమతి ఉండాలి." మందుల షాపాయన కిటికీల గోడకు, కూతురు తలుపు గోడకు చేరారు. మేడమ్ చేతులు దులుపుకుని, "ఇప్పుడు గోడలు మారండి. ఎదుటివాళ్ళ వాదన వాళ్ళకంటే బాగా చెప్పండి" అంది.

చెప్పారు. బాగా చెప్పారు, అదే చిక్కు. కూతురు అనుమతి ఎందుకుండాలో చెబుతూ, ఊరేగింపులో ఇరుక్కుపోయిన అంబులెన్సునూ, అందులోని మనిషినీ, ఆ మనిషి తల్లినీ కళ్ళకు కట్టింది. మందుల షాపాయన, వీధి ఎవడి అబ్బసొమ్మూ కాదనీ, అడిగి తెచ్చుకునేది స్వేచ్ఛ ఎలా అవుతుందనీ బల్ల గుద్దాడు. గుద్దిన చెయ్యి కాసేపు పైకెత్తే ఉంచాడు, దింపాలనిపించలేదు కాబోలు. ఇద్దరూ తమ గోడలకు తిరిగివచ్చేటప్పుడు ఎవరి కళ్ళలోకీ చూడలేదు.

ఎవరో ఫోనులో తీశారు. మర్నాటికి కూతురి ప్రసంగం సంఘంలోనూ, మందుల షాపాయన ప్రసంగం వ్యాపారుల సంఘంలోనూ తిరిగాయి. ఒకరిని అమ్ముడుపోయావా అన్నారు, ఇంకొకరిని నీకు మతి పోయిందా అన్నారు. సొంత నోటితో అన్న మాటలకు సొంతవాళ్ళ దగ్గర జవాబు చెప్పుకోవాల్సి వస్తే మనిషికి కోపం వస్తుంది. ఆ కోపాన్ని మోపడానికి ఎవరో ఒకరు కావాలి. ఇద్దరికీ మేడమే దొరికింది.

మెట్ల దగ్గర మందుల షాపాయన అవునండీగారి భుజం మీద చెయ్యి వేశాడు. "మీరే చెప్పండి సార్, ఆవిడ వాళ్ళ మనిషి. మనల్ని కావాలనే ఇరికించింది, కదా?"

"అవునండీ, నాకూ అలాగే అనిపించింది."

ఇంట్లో కూతురు అన్నం కంచం ముందు కూర్చుని ఏడుపు ఆపుకుంటూ అంది, "ఆవిడ ఆ మందుల షాపాయన పక్షం మనిషి నాన్నా. మమ్మల్ని కావాలనే బద్నాం చేసింది. నువ్వు చూశావుగా?"

"అవునమ్మా, చూశాను."

ఈ అవును మీద ఆయన ఒక్క క్షణం తడబడ్డాడు. కానీ పిల్ల కళ్ళల్లో నీళ్ళున్నాయి. పైగా ఇది ఇంట్లో మాటే కదా అనుకున్నాడు.

వారం తిరక్కుండా ఆయనకు విశ్వవిద్యాలయం విచారణ కమిటీ నుంచి పిలుపు వచ్చింది. పొడవాటి బల్ల వెనక పెద్ద ప్రొఫెసరుగారూ, ఇంకో ఇద్దరూ కూర్చున్నారు. ఏసీ నుంచి నీళ్ళు బకెట్లోకి కారుతున్నాయి. ఒక పక్క కూతురు, ఇంకో పక్క మందుల షాపాయన. మేడమ్ వాళ్ళకు దూరంగా, గోడవారగా కూర్చుని ఉంది.

పెద్ద ప్రొఫెసరుగారు కళ్ళజోడు సవరించుకున్నాడు. "రెండు ఫిర్యాదులొచ్చాయి. ఈవిడ ఒక పక్షానికి కొమ్ముకాస్తోందని ఒకటి. దానికి సరిగ్గా ఎదుటి పక్షానికి కొమ్ముకాస్తోందని ఇంకోటి. విచిత్రమేమిటంటే రెండిట్లోనూ సాక్షి మీరే."

అవునండీగారు ఒకసారి కూతురి వైపు, ఒకసారి మందుల షాపాయన వైపు చూశాడు. ఆయన అంతవరకూ అవును అంటే ఒక చల్లని మాట అనుకున్నాడు. దాన్ని పట్టుకుని ఎవరి ఉద్యోగమైనా తీసేయవచ్చని ఆయనకు తట్టనే లేదు.

"చెప్పండి. ఈవిడ పక్షపాతం చూపించిందా?"

కూతురు ఆయన్నే చూస్తోంది. నువ్వు నావైపు ఉన్నావో లేదో తెలీదన్న పిల్ల, ఇప్పుడు తేల్చుకోవడానికి చూస్తోంది. అవునంటే చాలు, ఇన్నేళ్ళ లోటు తీరిపోతుంది. ఆయన నోరు అవును కోసం తెరుచుకుంది కూడా.

"కాదండీ" అన్నాడు.

ఆయనకే ఆ మాట ఎవరో పక్కవాడు అన్నట్టు వినిపించింది. మళ్ళీ అన్నాడు. "కాదండీ. ఆవిడ ఎవరివైపూ లేదండీ. మా అందర్నీ ఒకేలా ఏడిపించింది. వీళ్ళిద్దరూ ఆరోజు బాగా మాట్లాడారు, అదే వీళ్ళ బాధ. ఆవిడ తప్పేం లేదు."

కూతురి మొహం పాలిపోయింది. మందుల షాపాయన కుర్చీలో ఒక్క గెంతు గెంతాడు. "మెట్ల దగ్గర నాతో అవునన్నారు కదండీ!"

"నాతోనూ అన్నారు" అంది కూతురు, తలెత్తకుండా.

"ఇద్దరితోనూ ఎందుకన్నారు?" అన్నాడు పెద్ద ప్రొఫెసరుగారు.

"అలవాటండీ."

"అంటే, ఎవరు ఏమడిగినా అవునంటారా?"

"అవునండీ" అన్నాడు ఆయన. అనకుండా ఎలా ఉంటాడు, అది నిజం.

"మరి మీరు ఈ గదిలోకి వచ్చేముందు ఈ మేడమ్ మిమ్మల్ని పట్టుకుని, నా తప్పేం లేదు కదా అని అడిగి ఉంటే?"

అబద్ధం చెప్పే అవకాశం ఉంది, కానీ ఆరోజు అవునండీగారికి నిజం మీద మోజు పుట్టింది. "అప్పుడూ అవుననేవాణ్ణండీ" అన్నాడు.

"మరి మీ ఈ మాటను మాత్రం ఎలా నమ్మమంటారు?"

పుట్టి బుద్ధెరిగాక అవునండీగారు చెప్పిన మొదటి "కాదు" అది. కానీ దాని వెనక నిలబడటానికి ఆయన మాట ఒక్కటీ మిగల్లేదు, అన్నీ ముందే పంచిపెట్టేశాడు. పెద్ద ప్రొఫెసరుగారు "సాక్షి నమ్మదగినవాడు కాడు" అని పక్కాయనతో రాయించాడు. అది విని మేడమ్ తల పక్కకు వంచింది గానీ, "అయితే?" అని మాత్రం అనలేదు.

వరండాలో కూతురు ఆయన్ని ఆపింది. అందరూ చూస్తున్నారన్న సంగతి మరిచిపోయి అరిచింది. "అందరిముందూ నా పరువు తీశావు నాన్నా!"

"నాకో అభిప్రాయం ఉండాలని నువ్వే అన్నావు కదమ్మా."

"నాకు వ్యతిరేకంగానా?"

"నాకు దొరికింది అదొక్కటేనమ్మా. నువ్వు తప్పు. నేను నీవైపే ఉన్నాను, కానీ నువ్వు తప్పు."

అది విసవిసా వెళ్ళిపోయింది. ఇంట్లో మాటలు ఆగిపోయాయి. ఏదైనా చెప్పాల్సి వస్తే తల్లి ద్వారా కబురు పంపేది, ఆవిడ ఆ కబుర్లకు తన వ్యాఖ్యానం కూడా జోడించి అందించేది. కొన్నాళ్ళకు ఒక పొద్దున టీ గ్లాసు తెచ్చి ఆయన ముందు పెట్టి, "నేనా ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను" అంది. "ఆ అంబులెన్సు సంగతి మా సంఘంలో ఎవరూ సరిగ్గా ఆలోచించలేదు, నాకిప్పటికీ నిద్ర పట్టట్లేదు" అని కూడా అంది. ఆయనకు ఎగిరి గంతేయాలనిపించింది.

తండ్రీ కూతుళ్ళు కలిసి ఆఫీసుకు వెళ్ళారు. అక్కడ గుమాస్తా, ఫిర్యాదు వెనక్కి తీసుకున్నా ఫరవాలేదు, తీసుకోకపోయినా ఫరవాలేదన్నాడు. నిర్ణయం అంతకుముందే అయిపోయింది. రెండువైపుల నుంచీ ఫిర్యాదులు వచ్చాయంటే గొడవ రెండింతలన్నమాట అని పైవాళ్ళు తేల్చారు. మేడమ్ కాంట్రాక్టు పొడిగించడం లేదు. సాయంత్రం తరగతిలో వచ్చే ఏడాది నుంచి రాజకీయాలకు బదులు ఆఫీసు ఉత్తరాలు రాయడం నేర్పుతారు.

కూతురు గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది. "నేను వెళ్ళి ఆవిడ మొహం చూడలేను నాన్నా" అంది. ఆయన ఒక్కడే స్టాఫ్ రూముకు వెళ్ళాడు.

మేడమ్ సొరుగు ఖాళీ చేస్తోంది. బల్ల మీద అట్టపెట్టెలో పుస్తకాలు, చిట్లిన కప్పు, దిద్దాల్సిన వ్యాసాల కట్ట ఉన్నాయి. ఆ వ్యాసాలు ఇక ఎవరు దిద్దుతారో అనుకున్నాడు ఆయన. గుమ్మంలో నిలబడి, చేతులు నలుపుకుంటూ అన్నాడు.

"మేడమ్, ఇదంతా నావల్లే జరిగింది."

దాచడమెందుకు, ఆయన ఒక జవాబు కోసం ఎదురుచూశాడు. ఛ, మీరేం చేశారండీ, అలా అనుకోకండి అంటుందని. ఎవరైనా అదే అంటారు. ఆవిడ స్థానంలో తనుంటే తనూ అదే అని, కుర్చీ చూపించి, మంచినీళ్ళు ఇచ్చేవాడు.

మేడమ్ చేతిలోని పుస్తకం పెట్టెలో పెట్టి, కాసేపు ఆలోచించింది. ఆవిడ ఎప్పుడూ ఆలోచించకుండా జవాబు చెప్పే మనిషి కాదు.

"అవునండీ" అంది. "అంతా కాదు గానీ, చాలావరకు మీవల్లే."

కోపంగా అనలేదు. ఇంకేమైనా కలుపుతుందేమోనని ఆయన ఆగాడు. ఆవిడ సొరుగు మూసింది. ఎదుటి మనిషి తన మాటకు ఒప్పుకోకుండా ఉంటే ఎంత బాగుండేదని ఆయనకు జీవితంలో మొదటిసారి అనిపించింది.

ఆవిడ పెట్టెను రెండు చేతులతో ఎత్తుకుని, తలుపు కాస్త పట్టుకోమంది. ఆయన పట్టుకున్నాడు.